గిడ్డంగి కప్పుపై పడిన నీరు ఎక్కడికి పోవాలి?

మన పాఠకులలో ట్రాక్టరు డీలర్లకు ఫరీదాబాద్ పేరు కొత్త కాదు. ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్ ట్రాక్టర్లు తయారయ్యే ఊరది. ఢిల్లీకి దక్షిణాన, ఒకవైపు యమున, మరొకవైపు ఆరావళి కొండలు గల ఆ నగరంలో బడ్‌ఖల్ చెరువు పడవ విహారానికి ప్రసిద్ధి. గనుల తవ్వకం, నీటి దారులకు అడ్డంగా వెలసిన కట్టడాలు, మితిమీరిన భూగర్భజల వాడకం వలన 2000 తరువాత కొన్నేళ్లకే అది ఎండిపోయింది. అదే నగరంలో వాన పడితే వీధులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో పాత ఫరీదాబాద్ రైల్వే వంతెన క్రింద నిలిచిన వాననీటిలో కారు చిక్కుకొని ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు మరణించారు. నీటి కరవు, నీటి ముంపు రెండూ ఒకే చోట! నేలను కాంక్రీటుతో కప్పివేయడం ఈ రెండింటినీ పెంచుతుంది.

అందువల్లనే కొత్త కట్టడాలకు వాననీటి సంరక్షణ ఏర్పాటును హర్యానా నిబంధనలు కోరుతున్నాయి. మన ప్రాంతంలోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 200 చదరపు మీటర్లు, అంతకు మించిన ఆవరణలకు దీనిని తప్పనిసరి చేసింది. గిడ్డంగికి, షోరూముకు ఋణం కోరే వారు ఈ ఖర్చును అంచనా పత్రంలోనే చేర్చవలెను. గచ్చు పోసిన తరువాత దానిని పగులగొట్టి గుంత తీయించడం రెండింతల వ్యయం.

లెక్క సులభమే. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 300 చదరపు మీటర్ల రేకుల కప్పుపై 40 మిల్లీమీటర్ల వాన కురిస్తే 12,000 లీటర్లు. చిందినవి, ఆవిరైనవి పోగా సుమారు 10,000 లీటర్లు, అంటే రెండు పెద్ద ట్యాంకర్లు, క్రిందికి దిగుతాయి. పెరడంతా గచ్చు చేస్తే ఆ నీరు కూడా వీటికి తోడై ప్రక్క రైతు చేనులోకి పోతుంది. తగాదా అక్కడే మొదలవుతుంది.

ఇంకుడు గుంత విషయంలో చాలామంది పొరబడేది ఒకటున్నది. పొడవు, వెడల్పు, లోతు రెండేసి మీటర్లు గల గుంతలో 8,000 లీటర్లు పడుతుందనుకుంటారు. రాళ్లు, కంకర, ఇసుక నింపిన తరువాత సందులలో నిలిచేది సుమారు 3,000 లీటర్లే. మిగిలినది నేల ఇంకించుకునే వేగంపై ఆధారపడును. నల్లరేగడిలో ఆ వేగం బహు తక్కువ. కనుక పొంగిన నీరు ఊరి కాలువకో చెరువుకో చేరే దారిని కూడా ప్లానులో చూపవలెను.

ఎరువుల, పురుగుమందుల డీలర్లకు ప్రత్యేక మనవి. కప్పు నీటిని మాత్రమే గుంతకు పంపండి. సంచులు దించే గచ్చు, మందుల డబ్బాలు ఉంచే చోటు నుండి పారే నీరు దానిలో కలిస్తే యూరియా, మందు నేరుగా మీ బోరులోకే దిగుతాయి. నేను తనిఖీకి వెళ్లిన ఒక దుకాణంలో యజమాని ఎంతో శ్రద్ధగా తీయించిన గుంతకు పెరటి కాలువనే కలిపారు! ఆ బోరు నీటినే ఇంటిల్లిపాదీ త్రాగుతున్నారు. ఆ రోజే కాలువ మళ్లించి, నీటిని పరీక్షకు పంపించాము.

తొలి వాన నీటిని బయటకు వదిలే మూతను గొట్టానికి అమర్చండి. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు దానితో పోతాయి. ఏటా తొలకరికి ముందు పై ఇసుక పొర తీసి కడిగించాలి. ఒక్క కూలీ, ఒక్క పూట పని.