విద్య విస్తరించినా నాస్తికత ఎందుకు విస్తరించలేదు? – దిగువ కృష్ణా డెల్టా అనుభవం

వ్యాససంగ్రహం: ఆధునిక విద్య పెరిగేకొద్దీ దైవవిశ్వాసం సన్నగిల్లుతుందన్నది చిరకాలంగా ఉన్న అంచనా. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల అనుభవం దీనిని బలపరచడం లేదు. విశ్వాసం ఇక్కడ కేవలం అభిప్రాయం కాక కుటుంబ, కుల, జీవనభద్రతలతో ముడిపడిన వ్యవస్థ కావడమే ఇందుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నాస్తికత, హేతువాదం, గోరా, త్రిపురనేని రామస్వామి చౌదరి, దివిసీమ.

1. ఉపోద్ఘాతం

1843లో రాబర్ట్ నోబుల్ ప్రారంభించిన పాఠశాలతో బందరులో ఆంగ్లవిద్య వేళ్లూనింది. ఈ జిల్లాలోనే ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం వెలసింది. అయినా నాస్తికత జనబాహుళ్యానికి చేరలేదు. దేశం మొత్తం మీద 2011 జనగణనలో నాస్తికులుగా నమోదైనవారు 33,304 మంది మాత్రమే.

2. నమ్మకం కంటే ముందు ఆచారం

విద్య ప్రతిపాదనలను పరీక్షిస్తుంది. కాని మతం చాలామందికి ప్రతిపాదనగా పరిచయం కాదు. మోపిదేవిలో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే తల్లిదండ్రులు, కార్తిక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగని దర్శించేవారు ముందుగా దైవాస్తిత్వాన్ని తర్కించి నిర్ణయించుకొని బయలుదేరరు. ఆచారం ముందు, వివరణ తరువాత. సృష్టికర్తను అంగీకరించని బౌద్ధ, జైనాలు సైతం ఆరాధన లేకుండా మనలేదు. ఘంటసాల స్తూపం, గుడివాడ జైనాలయం ఇందుకు నిదర్శనాలు.

గుడివాడ సమీపంలోని అంగలూరులో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ఈ విషయాన్ని గుర్తించారు. ఆయనను నాస్తికుడనడం కంటే హేతువాది అనడం సముచితం. పురాణాలను విమర్శించడంతో ఆగక తెలుగులో ‘వివాహవిధి’ని రూపొందించి, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. తంతును తీసివేస్తే ఏర్పడే ఖాళీని మరో తంతుతోనే పూరించాలన్న అవగాహన అందులో ఉంది.

3. నాస్తికతకు చెల్లించే మూల్యం

గోపరాజు రామచంద్రరావు (గోరా, 1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తిక భావాల కారణంగా కాకినాడలోనూ, బందరులోనూ ఉద్యోగాలు కోల్పోయారు. విద్యాలయమే ప్రశ్నను సహించలేనప్పుడు విద్యావంతుడు మౌనం వహించడంలో వింత లేదు. గోరా సహపంక్తి భోజనాలు నిర్వహించారు. ఆయన కుమార్తెకు దళిత యువకునితో 1948 మార్చి 13న సేవాగ్రామంలో వివాహం జరిగింది. అంటే ఆయన నాస్తికత కులవ్యవస్థను నేరుగా తాకింది. దేవుణ్ణి కాదన్నవానిని బంధువర్గం క్షమించవచ్చు. కులాన్ని కాదన్నవానిని క్షమించడం అరుదు.

చట్టం కూడా ఈ స్థితిని మరుగుపరుస్తుంది. 1955 హిందూ వివాహ చట్టం పరిధిని విశ్వాసం నిర్ణయించదు. హిందువుగా పుట్టి వేరే మతం స్వీకరించని నాస్తికుడు అందులోనే ఉంటాడు. 1954 ప్రత్యేక వివాహ చట్టం మతప్రమేయం లేని మార్గం చూపినా, ముప్పై రోజుల బహిరంగ నోటీసు కులాంతర జంటలకు ప్రమాదహేతువు కాగలదు. అందువల్ల నమ్మకం లేనివారు చాలామంది ఏ లెక్కకూ అందరు.

4. భద్రతలేమి – ఒక పరిమితి

జీవనభద్రత పెరిగిన సమాజాలలో మతప్రభావం తగ్గుతుందని పిప్పా నోరిస్, రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్ 2004లో ప్రతిపాదించారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది మరణించారు. నాస్తిక కేంద్రం అక్కడ సహాయ కార్యక్రమాలు చేపట్టింది. సహాయం ఇంటిని తిరిగి నిలబెట్టగలదు. ‘నా బిడ్డే ఎందుకు?’ అన్న ప్రశ్నకు వాతావరణశాస్త్రం చెప్పే సమాధానం దుఃఖానికి చాలదు. అయితే ఈ సిద్ధాంతం ఒక్కటే సరిపోదు. డెల్టాలో సంపన్న కుటుంబాలే ఆలయాల పునర్నిర్మాణానికి విరివిగా విరాళాలిస్తున్నాయి. సంపద భయాన్ని తగ్గించినా, ఆలయం ద్వారా లభించే ప్రతిష్ఠను అనవసరం చేయలేదు.

5. ముగింపు

కాబట్టి నాస్తికత అరుదుగా ఉండడాన్ని విద్యాలోపంగానో, విశ్వాస విజయంగానో భావించడం తొందరపాటు. పుట్టుక, పెళ్లి, చావు అనే మూడు సందర్భాలలో తోడు నిలిచే వ్యవస్థను నిర్మించగలిగినచోటే అది నిలదొక్కుకుంది. నమ్మకం లేదని నిర్భయంగా చెప్పగలిగే స్వేచ్ఛ ఏ మేరకు ఉన్నదో పరిశీలించకుండా నాస్తికుల సంఖ్యను మాత్రమే లెక్కించే పరిశోధన, మౌనాన్ని విశ్వాసంగా పొరబడే ప్రమాదం ఉంది.