కొట్టిన కొబ్బరికాయ – మన వంటిల్లు

మన బోధను ప్రాంతపు పల్లెలలో కొబ్బరికాయ కొనని ఇల్లు లేదు. శనివారము హనుమంతుని గుడికి ఒకటి, బోరు వేయు దినమున ఒకటి, క్రొత్త ట్రాక్టరు ముందర ఒకటి, నిజామాబాదునకు పోయి కంఠేశ్వరములోని నీలకంఠేశ్వరుని దర్శించునప్పుడు ఒకటి. ఇవి యన్నియు రొక్కమిచ్చి కొనునవియే. మన పొలముల గట్లమీద పండునవి బహుస్వల్పము. కోనసీమ మొదలగు దూరప్రాంతములనుండి లారీలమీద వచ్చునవే హెచ్చు. అట్లు కొని తెచ్చిన కాయలో ఒక చెక్క గుడిలో నిలిచి, రెండవ చెక్క ఇంటికి వచ్చి, గూటిలో రెండు దినములు పడియుండి, మూడవ దినమున జిగురుపట్టి పెంటకుప్పకు పోవుచున్నది. సంఘసభ్యుల ఇండ్లకు పోయినప్పుడెల్ల మేము ఈ చెక్కలను చూచుచునే యున్నాము. అడిగినచో, "కూరలకు కుడుక ఉన్నది గద సారూ, పచ్చిది ఎందుకు?" అని ఇల్లాండ్రు బదులు చెప్పుదురు.

ఆ మాట అకారణమైనది కాదు. సముద్రతీరము మనకు దూరము. పూర్వము పచ్చికాయ ఎద్దుబండ్లమీద ఇంతదూరము వచ్చులోపల చెడిపోవుట కలదు. ఎండిన కుడుక నెలల తరబడి నిలుచును. కావున మన వంటకు కుడుకయే అలవాటైనది. వంకాయ పులుసులో నువ్వులు, పల్లీలతో కలిపి నూరునది కుడుక. గరిజెలలో పెట్టునది కుడుక. ఆడపడుచు ఒడిబియ్యములో పోయునది కుడుక. హోళీ దినములలో చక్కెర పేర్లతోపాటు పిల్లల మెడలో వేయునది కుడుక.

మంజీరమీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగరు కట్ట 1931లో పూర్తియయ్యెను. కాలువల క్రింద చెరకు, వరి పెరిగెను. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ కాలువనీటిని నమ్ముకొని కోస్తాజిల్లాల రైతులు అనేకులు వచ్చి స్థిరపడిరి. వారి ఊళ్లను నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నాము. కర్మాగారము 2015లో మూతపడినది, చెరకు తోటలును తగ్గినవి. అయినను క్యాంపుల వంటిండ్లలో పచ్చికొబ్బరి పచ్చడి మాత్రము నిలిచియున్నది. ఒకే కాలువ నీరు పారు ఇరుగుపొరుగు ఊళ్లలో ఒకచోట కుడుక, వేరొకచోట పచ్చికొబ్బరి. అట్లని పచ్చికొబ్బరి మనకు పరాయిది యనుకొనరాదు. సద్దుల బతుకమ్మనాడు పెరుగు, పులిహోర, నిమ్మ, నువ్వుల సద్దులతోపాటు కొబ్బరి సద్దియు మన తల్లులు చేయుచునే యున్నారు. ఏడాదికొకసారి చేయునది నెలకు నాలుగుసార్లు చేయవచ్చును గదా.

కొబ్బరిలో ఏమి కలదో ముందుగా తెలిసికొనవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికల ప్రకారము 100 గ్రాముల పచ్చికొబ్బరిలో నీరు సుమారు 36 గ్రాములు, క్రొవ్వు 41 గ్రాములకు పైగా, మాంసకృత్తులు నాలుగున్నర గ్రాములు మాత్రమే. కుడుకలో నీరు పోవుటచేత క్రొవ్వు 62 గ్రాముల వరకు ఉండును. అనగా కొబ్బరిని పల్లీ, నువ్వుల వరుసలో నూనెవస్తువుగా నెంచవలెను గాని, పప్పునకు బదులుగా నెంచరాదు. "కొబ్బరి బలము" అని పిల్లలకు పప్పు తగ్గించి కొబ్బరి పెట్టుట పొరపాటు.

ఈ లెక్క వంటలో ఎట్లు ఉపయోగపడునో చూడుడు. 100 గ్రాముల కొబ్బరిలోని క్రొవ్వు ఎనిమిది తొమ్మిది చిన్న చెంచాల నూనెకు సమానము. ఐదుగురు తిన్నచో మనిషికి ఇంచుమించు రెండు చెంచాలు. కావున కొబ్బరి వండిన పూట నూనెబుడ్డిని దూరముగా పెట్టవలెను. ఇదియే మా ముఖ్యమైన మాట. నూనెలో వేగిన కూర, దానిపై కొబ్బరి, దానిపై నేయి – ఇది ఆరోగ్యపు వంట కాదు. నూనెలో లేని పీచు కొబ్బరిలో కలదు, అది లాభము. కాని దాని క్రొవ్వులో సుమారు తొమ్మిదిపాళ్లు గడ్డకట్టు జాతి క్రొవ్వు. కొబ్బరినూనె త్రాగిన గుండెజబ్బు నయమగునని కొందరు చెప్పుచున్నారు, దానిని నమ్మవలదు. గుండెజబ్బు గలవారు ఎంత తినవచ్చునో తమ వైద్యునే అడుగవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు కొబ్బరినీళ్లను గూర్చియు అడుగవలెను, అందులో పొటాషియము హెచ్చు.

ఇక వంటలు. మేము ప్రదర్శనలలో మొదట చేయించునది జొన్నరొట్టెలోకి కొబ్బరితొక్కు. ఒక చెక్క కొబ్బరి, పిడికెడు పుట్నాలు, అయిదారు పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెము చింతపండు, కొత్తిమీర, ఉప్పు. మిరపకాయలను ఒక చెంచా నూనెలో మగ్గించి, అన్నిటిని రోటిలో కచ్చాపచ్చాగా నూరవలెను. పుట్నాలు రుచికొరకు మాత్రమే కాదు, కొబ్బరిలో కొరవడిన మాంసకృత్తులను అవి కొంత తీర్చును. మిక్సీలో మెత్తగా చేసినచో రొట్టెకు అంటదని పెద్దవారు చెప్పుదురు. మాకును రోటితొక్కే ఇష్టము.

రెండవది తోటకూరపప్పు. పెసరపప్పు, రెండు కట్టల తోటకూర కలిపి ఉడికించి, దింపుటకు ముందు జీలకర్ర, పచ్చిమిర్చితో నూరిన 50 గ్రాముల కొబ్బరి వేసి ఒక పొంగు రానిచ్చి దింపవలెను. పోపునకు ఒక చెంచా నూనె చాలును. ఆకుకూర ముట్టని పిల్లలు దీనిని తినుట మేము కన్నులార చూచితిమి. కొబ్బరిపాలతో అన్నము వండువారు పాలు పిండిన పిప్పిని పారవేయరాదు. పీచంతయు అందులోనే యుండును, రొట్టెపిండిలో కలుపవచ్చును. బెల్లముతో చేయు కొబ్బరి లౌజు పండుగనాటిది. బెల్లము చక్కెరకంటె రుచియే గాని, మధుమేహము గలవారికి అదియు చక్కెర వంటిదే.

ఒకసారి మా వలన జరిగిన తప్పును దాచక చెప్పవలెను. పసుపు త్రవ్వకపు దినములలో కూలీలకు మంచి భోజనమని చెప్పి, ఒక ఊరిలో తెల్లవారుజామున కొబ్బరితొక్కు నూరించి డబ్బాలలో పొలమునకు పంపించితిమి. మధ్యాహ్నము ఒంటిగంటకు మూత తీయగా పుల్లనివాసన కొట్టినది. పన్నెండుమంది ఆడవారు ఆ పూట ఉప్పు, కారము, ఉల్లిగడ్డలతో రొట్టె తినిరి. వారిలో ఒక ముసలవ్వ, "మా కుడుకకారమే నయం గద బిడ్డా" అన్నది. ఆమె మాట నిజము. పచ్చికొబ్బరి తొక్కు ఎండకు నాలుగైదు గంటలు కూడ ఆగదు. ఇంట వేడివేడిగా తినుటకే తగినది. పొలమునకు పంపవలెనన్న కొబ్బరికోరును పొడిపెనముమీద సన్నని సెగను తడి పోవువరకు వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, పుట్నాలతో దంచి పొడిగా పంపవలెను. అటుపిమ్మట ఆ ఊరిలో మేము అట్లే చేయించితిమి, అవ్వయు రెండవసారి అడిగి వేయించుకొన్నది.

కాయ కొనునప్పుడు బరువైనదానిని, ఊపిన నీరు గలగలలాడుదానిని ఎంచుకొనవలెను. కన్నులవద్ద తడి, బూజు ఉన్నదానిని వదలవలెను. కొట్టిన చెక్కను ఆనాడో మరునాడో వాడవలెను. ఫ్రిజ్ ఉన్నవారు కోరి మూతగిన్నెలో ఉంచిన రెండుమూడు దినములు నిలుచును. వాడలేమన్నచో మొదటి దినముననే సన్నని ముక్కలు చేసి, పలుచని బట్ట కప్పి, మంచి ఎండలో గలగలలాడువరకు ఎండబెట్టవలెను. వానకాలమున సగము ఎండి సగము తడిగా నిలిచిన చెక్కకు బూజు తప్పదు. ఆ బూజును గోకివేసి మిగిలినది కూరలో వేయుట మన ఇండ్లలో కలదు. ఇది ప్రమాదకరము. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెరచును, మామూలు వంటసెగకు పోదు, గోకినను లోపల మిగులును. ఆ ముక్కను పశువుల కుడితిలోను వేయవలదు. పాలిచ్చు గేదె తిన్నచో ఆ విషములో కొంత పాలలోనికి దిగును.

వచ్చు ప్రదర్శనకు రాదలచిన సభ్యులు తమ ఇంటినుండి ఆనాడు కొట్టిన చెక్క నొకదానిని, కొలత చూచుటకు తాము దినమును వాడు నూనెబుడ్డిని వెంట తీసికొనిరావలెను. రోళ్లు, పొయ్యి మేమే సిద్ధపరచెదము.