స్విచ్చి మోయలేని బరువు

ఓమ్ సూత్రం 1827లో వెలువడింది. మనమంతా దాన్ని పరీక్షకు చదువుతాం, మార్కులు తెచ్చుకుంటాం, మరచిపోతాం. ఆ చిన్న సూత్రానికి పొలంలో ఎంత పని ఉందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది వ్యవసాయ కుటుంబం. వరికోతల రోజుల్లో మా వైపు కోత మిషన్లు రాత్రింబగళ్లు నడుస్తాయి. మాటిమాటికీ బంకుకు పరుగెత్తలేక ట్రాక్టరు ట్రాలీలో అదనంగా ఒక డీజిల్ ట్యాంకు పెట్టుకుంటారు. అందులోంచి మిషను ట్యాంకులోకి తోడడానికి చిన్న పంపు. అది ట్రాక్టరు బ్యాటరీ మీద, అంటే 12 వోల్టుల మీద నడుస్తుంది. చిక్కల్లా స్విచ్చి దగ్గరే. కొందరు ఇంట్లో లైటుకు వాడే స్విచ్చే తెచ్చి బిగిస్తారు. "230 వోల్టులకు ఆగింది, 12కు ఆగదా?" అంటారు. సబబుగానే వినిపిస్తుంది. కాని లెక్క వేరు.

120 వాట్ల పంపు 230 వోల్టుల మీదైతే అర ఆంపియరు తీసుకుంటుంది. 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు! తీగెను వేడెక్కించేది కరెంటు, అదీ దాని వర్గాన్ని బట్టి. మరో సంగతి. ఇంటి కరెంటు ఏ.సి.; సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది గనుక స్విచ్చి ఆపినప్పుడు పుట్టే నిప్పురవ్వ వెంటనే ఆరుతుంది. బ్యాటరీది డి.సి.; దానికి సున్నా లేదు. పైగా మోటారు చుట్టలోని శక్తి ఆ రవ్వను సాగదీస్తుంది. పాయింట్లు కాలి ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు స్విచ్చి ఆపినా పంపు ఆగదు. డీజిల్ పొర్లుతుంది. పక్కనే ఎండుగడ్డి, కాలే సైలెన్సరు. ఆపైన నేను చెప్పనక్కరలేదు.

దీనికి మందు వాహనాల్లో వాడే రిలే. అదొక విద్యుదయస్కాంతం. దాని కాళ్ల మీద అంకెలుంటాయి. 85, 86 మధ్య తీగెచుట్ట. నిరోధం సుమారు 80 ఓములు. అంటే 0.15 ఆంపియరు చాలు. స్విచ్చి మోసేది అంతే. చుట్ట అయస్కాంతమై 30, 87 కాళ్లను కలుపుతుంది; పంపు కరెంటు ఆ దారిన పోతుంది. మేస్త్రీ చెయ్యి ఊపుతాడు, బస్తాలు మోసేది హమాలీలు!

బిగించేముందు బ్యాటరీ నెగెటివు విప్పాలి. పానా జారి పాజిటివునూ బాడీనీ కలిపితే మెరుపే; ఛార్జయిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు కూడా ఉంటుంది. పాజిటివు నుంచి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. దూరంగా పెడితే మధ్య తీగెకు కాపలా ఎవరు? ఫ్యూజు నుంచి 30కి, 87 నుంచి పంపుకు, పంపు రెండో తీగె నెగెటివుకు. ఇక తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే తీగె నుంచి చిన్న ఫ్యూజు, స్విచ్చి, 86. చివరకు 85 నుంచి బాడీకి. ఇంజను తాళం తీస్తే పంపూ ఆగుతుంది.

తీగె సన్నం కాకూడదు. పోను రాను 10 మీటర్లకు 2.5 చదరపు మి.మీ. రాగి తీగెలో 0.7 వోల్టు నష్టం. 1 చదరపు మి.మీ. తీగెలో 1.7 వోల్టులు. పంపు నీరసపడుతుంది. ఎంత చేసినా తోడేటప్పుడు మనిషి పక్కనే ఉండాలి. ఇదంతా డీజిల్ మాట; పెట్రోలుకు దానికోసం చేసిన పంపే వాడాలి.

మా ట్రాక్టరుకు ఇలా బిగించాక నాన్నగారు అడిగారు: "ఇది మీ పుస్తకంలో ఉందా?" ఉందన్నాను. "మరి ఊళ్లో ఇంతమంది చదువుకున్నారు, ఎవరూ చెప్పలేదేం?" అన్నారు.

మిత్రులారా, ఆ ప్రశ్న మనందరికీ!