మరమనిషి – మన కూలిపని

ఒకనాటి పల్లె మణికొండ నేడు ఆకాశహర్మ్యముల నడుమ నున్నది. దానికి సమీపముననే మాదాపూరులో గల అంతర్జాతీయ సమావేశ మందిరమున 2017 నవంబరు 28వ తేదీన, ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీకిని, అమెరికా ప్రతినిధి శ్రీమతి ఇవాంకా ట్రంపునకును బెంగుళూరులో తయారైన ‘మిత్ర’ అను మరమనిషి స్వాగతము పలికినది. 2018 ఫిబ్రవరిలో హాంగ్‌కాంగ్ సంస్థవారి ‘సోఫియా’ హైదరాబాదునకు వచ్చి సభలో ముచ్చటించినది.

ఇట్టి వార్తలు వినునప్పుడు ప్రజలలో మూడు భావములు కలుగుటను మేము గమనించితిమి. కొందరు ఆశ్చర్యపడుదురు. కొందరు ఆ ముఖమును చూచి జంకుదురు. పెక్కుమంది ‘మా పని పోవునా?’ యని యడుగుదురు.

ఆశ్చర్యమునకు తావున్నదే గాని మాయ లేదు. కండ్లకు బదులు కెమెరాలు, చెవులకు బదులు మైకులు, కండరములకు బదులు మోటార్లు, అన్నమునకు బదులు బ్యాటరీ. సోఫియా పలికెడు మాటలలో పెక్కు ముందుగా వ్రాసియుంచినవే. ఇక జంకు సహజమైనదే. బొమ్మ మనిషిని పోలినకొలది ముచ్చటగొల్పునని, మిక్కిలి పోలినచో వెగటు కలిగించునని జపాను శాస్త్రజ్ఞుడు మసాహిరో మోరీ 1970లోనే వ్రాసెను.

మూడవ ప్రశ్నయే ముఖ్యమైనది. పల్లెలనుండి వచ్చి మణికొండలో కాపలా, ఇంటిపని, బండి తోలుట మొదలగు పనులపై జీవించువారి ప్రశ్న యది. దానిని త్రోసివేయరాదు. చదునైన నేలపై ఒకే పనిని మరల మరల చేయుట మరకు సులభము. పొలముగట్టుపై నడచుట, పసిబిడ్డకు నీళ్లు పోయుట దానికి కష్టము. అయినను కొన్ని పనులు మారక తప్పదు.

‘రోబో’ యను మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమునుండి వచ్చినది. దాని మూలార్థము వెట్టిచాకిరి. వెట్టి యెట్టిదో తెలంగాణ పెద్దలకు చెప్పనక్కరలేదు. అట్టి చాకిరిని యంత్రమున కప్పగించుట మేలే. 2018లో కేరళలో మురుగుగుంటలు శుభ్రపరచుటకు ఒక యంత్రమును పనిలో నుంచిరి. దానికి మనిషి ముఖము లేదు, అయినను మనిషిని గుంటలో దిగకుండ కాపాడును.

2023లో తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయము, వైద్యము, పరిశ్రమలలో రోబోల వినియోగమునకు ఒక విధానమును ప్రకటించినది. ఈ యంత్రములను బిగించుటకు, బాగుచేయుటకు మనుష్యులే కావలెను. మన యువజనులు ఐ.టి.ఐ.లలో విద్యుత్తు, మోటారు పనులు నేర్చుకొనుట మంచిది. మరమనిషిని చూచినప్పుడు ‘ఎంత చక్కగా మాటలాడుచున్నది!’ అని ఊరకుండరాదు. ‘ఇది ఎవరి బరువు దించును? ఎవరి కూలి తగ్గించును?’ అని కూడ గ్రామసభలలో అడిగి తెలిసికొనవలెను.