‘ఎళుత్తు’ పత్రిక – దాని రచయితలు

ఆధునిక సాహిత్యమును గూర్చి మన విశ్వవిద్యాలయములలో జరుగుచున్న పరిశోధనము చాలవఱకు గ్రంథములను ఆశ్రయించుకొని యున్నది. కవి కావ్యసంపుటిని గాని, కథకుని కథాసంపుటిని గాని ముందుంచుకొని సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్నాము. ఆ పద్యము, ఆ కథ మొదట ఏ పత్రికలో, ఏ రచనల ప్రక్కన, ఏ వాదము నడుమ వెలువడినదో తఱచుగా విచారింపము. ‘భారతి’ వంటి పెద్దపత్రికల విషయమున కొంత కృషి జరిగినమాట నిజమే. కాని కొద్దిమంది చందాదారులతో, ఒక్కరిద్దరి పట్టుదలపై నడచి ఆగిపోయిన చిన్నపత్రికలు సాహిత్యచరిత్రలలో ఒక వాక్యమునకు మించి చోటు సంపాదించుకొనలేదు. అట్టి పత్రిక సాహిత్యమునకు ఏమి చేయగలదో ఒక ఉదాహరణమున చూపవలెనని మా ఉద్దేశము. ఇందుకు మేము తమిళ పత్రికయగు ‘ఎళుత్తు’ను గ్రహించితిమి. పొరుగుభాషలోని దానిని తీసికొనుట కేవలము వైవిధ్యము కొఱకు కాదు. మనకు వచనకవిత్వము తమిళులకంటె ముందుగనే స్థిరపడినది. వారికి స్థిరపడిన తీరు వేఱు. ఆ తేడాకు మూలము ఈ పత్రిక పుటలలో ఉన్నది.

చిన్నపత్రికను తమిళులు ‘సిఱ్ఱిదళ్’ అందురు. అందలి మొదటి పదము మన చిఱుతయందును, చిఱునవ్వుయందును ఉన్న ‘చిఱు’ శబ్దమే. ‘ఇదళ్’ అనగా రేకు, దళము; పత్రికయను అర్థము తరువాత వచ్చినది. ‘ఎళుత్తు’ అనగా అక్షరమనియు, వ్రాత యనియు అర్థము. తొల్కాప్పియమున మొదటి అధికారము ఎళుత్తును గూర్చినదే. కవిత్వవ్యాకరణమును ధిక్కరించినదని పండితులచే నిందింపబడిన పత్రికకు ప్రాచీనతమ వ్యాకరణగ్రంథమునందలి మొదటి మాటయే పేరగుట ఒక చమత్కారము.

1959 జనవరిలో చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి నుండి ఈ మాసపత్రిక వెలువడసాగెను. సంపాదకులు సి. ఎస్. చెల్లప్ప గారు (1912–1998). వీరి స్వస్థలము వత్తలగుండు. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని చెఱసాలకేగినవారు. 1933లో పుట్టిన ‘మణిక్కొడి’ పత్రిక ద్వారా కథకులుగా గుర్తింపు పొందిరి. ఆ పత్రికను ఆ దశకముననే కథలకు ప్రత్యేకించి నడపిన బి. ఎస్. రామయ్య గారును వత్తలగుండువారే. తమిళ కథానికకు మణిక్కొడి ఎట్టిదో చెల్లప్ప గారికి స్వానుభవము. అది ఆగిన పిదప తమిళమున ‘ఆనందవికటన్’, ‘కల్కి’, ‘కుముదం’ వంటి వారపత్రికల ప్రాబల్యము పెఱిగినది. వానికి పాఠకులు లక్షోపలక్షలు. ధారావాహిక నవలలు వాని ప్రాణము. వానిని మేము తక్కువ చేయుటలేదు. తమిళులలో చదువరితనమును పెంచినవి అవియే. అయినను పాఠకునికి నచ్చునో నచ్చదో యను భయముతో నడచు పత్రికలో క్రొత్త ప్రయోగమునకు చోటు దొరకుట దుర్లభము. దానిని నిర్మొగమాటముగా పరీక్షించు విమర్శకు బొత్తిగా దొరకదు.

చెల్లప్ప గారు పత్రికను స్థాపించినది విమర్శ కొఱకే. కవిత్వము కొఱకు కాదు. ఈ విషయము ముఖ్యము. ఆనాటి తమిళ విమర్శ ఒకవైపు పండితుల ప్రశంసగాను, మఱియొకవైపు పుస్తకపరిచయముగాను ఉండెననియు, రచనను విప్పి చూపు పద్ధతి రావలెననియు వారి అభిప్రాయము. ఆంగ్లమున నూతనవిమర్శ యనబడు మార్గమును వారు శ్రద్ధగా చదివి, దాని ననుసరించి తమ పద్ధతిని ఏర్పఱచుకొనిరి. దీనికి ‘అలసల్ విమర్శనం’ అని పేరు. అలసుట యనగా బట్టను నీటిలో జాడించుట. విషయమును ఆమూలాగ్రముగా శోధించుట యను అర్థమున వాడుదురు. కథలో దృష్టికోణమెవరిది, మాట ఎక్కడ బిగిసినది, ఎక్కడ సడలినది అని పంక్తి వెంబడి పంక్తి పరిశీలించుట ఈ మార్గము.

దీనిని అంగీకరింపనివారు పత్రికలోపలనే ఉండిరి. క. నా. సుబ్రహ్మణ్యం గారు (1912–1988) చెల్లప్పకు సమవయస్కులు, చిరకాల మిత్రులు, ఎళుత్తు తొలి రచయితలలో ప్రముఖులు. ఉత్తమసాహిత్యమును బహుగ్రంథపఠనమువలన పదునెక్కిన అభిరుచియే గుర్తింపగలదనియు, ముక్కలు చేసి తూచుటవలన రసము చేజాఱుననియు వారి మతము. విశ్లేషింపకుండ తీర్పు చెప్పువాడు తన మాట నమ్ముమని ఆజ్ఞాపించుచున్నట్లే యని చెల్లప్ప పక్షము. ఈ వివాదము తీరలేదు. క. నా. సు. గారు 1963లో ‘ఇలక్కియ వట్టం’ అను వేఱు పత్రికను స్థాపించి రెండేండ్లపాటు నడపిరి. ఈ ఇరువురిలో ఎవరిది సరియని మమ్మడిగినచో, తరగతిలో పాఠము చెప్పువారికి చెల్లప్ప మార్గము, పుస్తకములు ఎంచుకొని చదువుకొనువారికి క. నా. సు. మార్గము ఉపకరించునని చెప్పుదుము. ఇది తప్పించుకొను సమాధానమని తోచిన తోచవచ్చును.

ఇక అనుకొనని ఫలమును గూర్చి చెప్పవలెను. తొలి సంచికయందు న. పిచ్చమూర్తి గారి ‘పెట్టిక్కడై నారణన్’ అను కవిత పునర్ముద్రితమైనది. చిల్లరకొట్టు నారణుడని ఆ పేరునకు అర్థము. పిచ్చమూర్తి గారు (1900–1976) కుంభకోణమువారు. న్యాయవాదిగాను, పిమ్మట దేవాలయముల కార్యనిర్వహణాధికారిగాను పనిచేసిరి. భారతి వచనకవితలను, వాల్ట్ విట్మన్ కవిత్వమును చదివి 1934 ప్రాంతముననే యాప్పు నియమము లేని కవితలు వ్రాసినవారు. యాప్పు అనగా తమిళ ఛందస్సు. మనకు గణము, యతి, ప్రాస యెట్లో వారికి అసై, శీర్, తొడై మున్నగునవి అట్లు. ఆయన కవితలకు అప్పుడు పెద్దగా అనుయాయులు లేకపోయిరి. తరువాత చాలకాలము ఆయనయు ఆ మార్గమున మౌనము వహించిరి. విమర్శపత్రికలో ఒక పాత కవిత మఱల అచ్చుపడగానే, దానిని చదివిన యువకులు తమ కవితలను ఎళుత్తుకు పంపసాగిరి. పిచ్చమూర్తి గారును దాదాపు అఱువదవయేట మఱల కవితలు వ్రాయ మొదలిడిరి.

ఇట్లేల జరిగెను? మా సమాధానమిది. పంక్తి పంక్తికి కారణమడుగు పత్రికలో ఛందస్సు లేని కవిత నిలువగలిగినది. ఏలయన అది తనకు ఛందస్సు లేకపోయినను బిగువు కలదని చూపుకొనుటకు అచ్చట వీలుండెను. వారపత్రికలో అదే కవిత పాదపూరణమునకు చాలని వచనముగా కనబడియుండును. కవితను అచ్చువేయుటయే కాక, ఇది కవిత యెట్లయినదో ప్రక్కపుటలో వాదించుట ఎళుత్తు చేసిన పని. కవులే విమర్శలు వ్రాసిరి, విమర్శకులే కవితలు వ్రాసిరి. సంపాదకులును ఇందుకు మినహాయింపు కారు.

ఈ రచయితలెవరో, ఎచ్చటివారో చూచిన మఱియొక సంగతి తెలియును. సుందర రామస్వామి గారు (1931–2005) నాగర్‌కోయిల్‌లో బట్టలదుకాణము నడపువారు. కథకులుగా అప్పటికే పేరుండినను కవితలకు ‘పసువయ్యా’ అను పేరు పెట్టుకొనిరి. 1959లోనే ఆయన తొలి కవిత ఎళుత్తులో వచ్చినది. నకులన్ (1921–2007) తిరువనంతపురమున ఆంగ్లోపన్యాసకులు. సి. మణి (1936–2009) సేలము ప్రాంతమున ఆంగ్లము బోధించినవారు. ఎలియట్ ప్రభావము గల ఆయన ‘నరకం’ అను దీర్ఘకవిత నగరజీవితమును తమిళకవిత్వమునకు క్రొత్తగా చూపినది. వెంకట్ స్వామినాథన్ (1933–2015) ఢిల్లీలో కేంద్రప్రభుత్వోద్యోగి. తమిళదేశమునకు దూరముగా నుండుటచేతనే కాబోలు, అందరికంటె కఱకుగా వ్రాసిరి. ధర్మూ శివరామూ, అనగా తరువాత ప్రమిళ్ అను పేరుతో ప్రసిద్ధులైనవారు (1939–1997), సింహళమున త్రింకోమలి నుండి ఇరువదియేండ్ల ప్రాయమున రచనలు పంపిరి. చెన్నపట్టణమున ఒక కాఫీహోటలు బల్లచుట్టు కూర్చున్న మిత్రబృందము కాదిది. కలిపినది తపాలా. వీరిలో పెక్కురకు జీవనోపాధి వేఱు. రచనకు ధనము గాని, విస్తృతప్రచారము గాని ఎళుత్తువలన లభించుననుకొన్నవారు లేరు. తన కవితను చదివి తప్పు చెప్పగలవారు ఎక్కడనో పదిమంది ఉన్నారను నమ్మకము లభించినది. రచయితకు ఇది చిన్న లాభము కాదు.

1962లో చెల్లప్ప గారు తమ ‘ఎళుత్తు ప్రసురం’ పక్షమున ‘పుదుక్కురల్గళ్’ అను సంకలనమును ప్రకటించిరి. క్రొత్త కంఠములని దాని అర్థము. 24 మంది కవులవి 63 కవితలు అందుగలవు. ఆ యేటనే పిచ్చమూర్తి గారి ‘కాట్టువాత్తు’ సంపుటియు వెలువడినది. తమిళ నవకవితను గూర్చిన వ్యాసములలో ఈ రెండు గ్రంథముల ప్రసక్తి లేనిది అరుదు. అయినను పరిశోధకులు ఇచ్చట కొంత జాగరూకత వహింపవలెను. సంకలనము సంపాదకుని తీర్పు. పత్రిక ఆ తీర్పునకు ముందటి తర్జనభర్జనము. విఫలమైన కవితలు, ఖండనలు, సమాధానములు, మాటిమాటికి మాఱిన అభిప్రాయములు సంచికలలో మిగులును, సంకలనమున మిగులవు. నవకవిత యొక్క చరిత్ర కావలసినవారు సంకలనముతో తృప్తిపడినచో విజయగాథ మాత్రమే దొరకును.

ప్రతిపక్షము రెండువైపుల నుండి వచ్చినది. యాప్పు లేనిది కవిత కాదని పండితులనిరి. నిరాశను, వ్యక్తివాదమును పెంచుచున్నదని అభ్యుదయవాదులనిరి. మొదటి ఆక్షేపణ కాలక్రమమున వీగిపోయినది. రెండవదానిలో కొంత సత్యము కలదని మా అభిప్రాయము: పొలము, కార్ఖానా, సమ్మె ఎళుత్తు కవితలలో అరుదు. 1971లో కోయంబత్తూరునుండి వచ్చిన ‘వానంబాడి’ కవులు ఈ కొఱతను చూచియే వేఱుమార్గము పట్టిరి. అయితే ఛందస్సును విడుచు స్వాతంత్ర్యమును వారు వెదకుకొనవలసిన పని లేకపోయినది. అది అప్పటికే సంపాదింపబడియున్నది.

1970లో ఎళుత్తు నిలిచిపోయెను. చివరి కాలమున త్రైమాసికముగా నడచినది. మొత్తము సంచికలు 119. ఈ పండ్రెండేండ్ల మూల్యము చెల్లప్ప గారే చెల్లించిరి. భార్య నగలు పత్రికకు వినియోగపడినవని చెప్పుకొందురు. ప్రచురించిన పుస్తకములను సంచిలో వేసికొని కళాశాలలకు తిరిగి అమ్మినవారాయన. సంచి మోయుట మనకు కరుణరసముగా కనబడవచ్చును గాని, ఎళుత్తు పుస్తకములు అధ్యాపకుల చేతికి, విద్యార్థుల చేతికి చేరిన మార్గమదియే. అంతకంటె గొప్ప నష్టము వేఱొకటి కలదు. జల్లికట్టును చిత్రించిన ‘వాడివాసల్’ వంటి చిన్న కళాఖండమును వ్రాసిన కథకుడు తన ప్రౌఢవయస్సును ఇతరుల రచనలకు అచ్చుతప్పులు దిద్దుటలో గడపెను. స్వాతంత్ర్యోద్యమమును గూర్చిన ఆయన బృహన్నవల ‘సుదందిర దాగం’ 1997లో, ఎనుబదియైదవయేట, స్వంతవ్యయముతోనే వెలువడినది. సాహిత్య అకాడమీ బహుమానము దానికి లభించునాటికి (2001) ఆయన లేరు.

మన సంగతికి వత్తము. తెలుగున ఛందోబంధవిముక్తి 1930 ప్రాంతమునుండియే సాగినది. పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ 1939 నాటిది. తరువాత కుందుర్తి ఆంజనేయులు గారు వచనకవిత్వమునకు పట్టుదలతో ప్రచారము చేసిరి. మనకు కవి ముందు వచ్చెను. పంక్తి వెంబడి పరీక్షించు విమర్శ ఆలస్యముగా, అక్కడక్కడ వచ్చెను. కడపలో రాచమల్లు రామచంద్రారెడ్డి గారు ‘సంవేదన’ను ఆరంభించినది 1960 తరువాతి దశకాంతమున. తమిళమున ఈ రెండును ఒకే పుటలలో ఒకేసారి పెఱిగినవి. వచనకవితయందు ఏది కవిత్వము, ఏది కేవలము వచనము అను ప్రశ్న మన తరగతులలో నేటికిని తెగకుండుటకు ఇది ఒక కారణమేమో పరిశీలింపదగును.

పరిశీలించుటకు సంచికలు కావలెను. కొంపెల్ల జనార్దనరావు గారు ‘ఉదయిని’ని నడపి 1937లో చిన్నవయస్సుననే మరణించిరి. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ ఆయనకే అంకితము. అంకితకవితను కంఠస్థము చేసిన విద్యార్థులు మనకు వందలకొలది కలరు. ఉదయిని సంచికను చేతబట్టి చూచినవారు ఎందఱు? ఎళుత్తునకు చెల్లప్ప గారి సంచి ఉండెను. మన చిన్నపత్రికలు, బైండు కాని విడిసంచికలుగా, కొన్ని ఊళ్ళ గ్రంథాలయములలోను, కొందఱు వృద్ధ చందాదారుల ఇండ్లలోను ఉన్నవి. పరిశోధనవిద్యార్థి తన విషయమును నిర్ణయించుకొనుటకు ముందు ఒక్క వేసవిసెలవు ఆ ఊళ్ళలో గడపి, దొరకిన సంచికలకు విషయసూచిక తయారుచేసికొని వచ్చినచో, దానిని ఈ పత్రికలో ప్రకటించుటకు మేము సిద్ధముగా ఉన్నాము.