ఒండ్రు రాకపోతే కోనసీమ నిలుస్తుందా?

సముద్రం పెరిగితే మునిగేవి ఎక్కడో పసిఫిక్‌లోని దీవులే అనుకుంటాం. గోదావరి పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న కోనసీమ కూడా దీవే. దాన్ని కట్టిన మన్ను ఏటేటా తగ్గిపోతోంది.

శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి మోడులయ్యాయి. ఊళ్ల మురుగునీటిని సముద్రంలోకి దింపాల్సిన కాలువ అది. పోటు వేళ అందులోంచే ఉప్పునీరు ఎదురెక్కి తోటల్లోకి చేరుతోంది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజోలు నియోజకవర్గంలోని కేశనపల్లి వచ్చి ఈ తోటలు చూశాక రైతుల గోడు రాష్ట్రమంతటికీ వినిపించింది. కొబ్బరి ఉప్పుగాలిలోనే పెరిగే చెట్టు. కాస్త ఉప్పదనాన్ని ఓర్చుకుంటుంది. వేళ్ల చుట్టూ ఉప్పునీరు రోజుల తరబడి నిలిచిపోతే దానికీ బతుకు లేదు.

మునిగే దీవులు, పెరిగే దీవులు

పసిఫిక్‌లోని తువాలు దేశ జనాభా సుమారు 11 వేలు. తొమ్మిది పగడపు దీవుల్లో ఎక్కడా నేల 5 మీటర్ల ఎత్తు దాటదు. ఏటా 280 మంది తువాలు పౌరులు వచ్చి స్థిరపడేందుకు ఆస్ట్రేలియా 2023లో ఒప్పందం చేసుకుంది. 1901–2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందనీ, ఈ శతాబ్దం చివరికి మీటరు దాకా పెరగవచ్చనీ వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ లెక్క.

అయితే 2018లో వెలువడిన ఒక అధ్యయనం అందరినీ ఆలోచింపజేసింది. 1971 నుంచి 2014 వరకు తీసిన చిత్రాలను పోల్చి చూస్తే, తువాలు మొత్తం నేల తగ్గకపోగా 2.9 శాతం పెరిగింది. పగడపు దిబ్బల ఇసుకనూ ముక్కలనూ అలలే తెచ్చి ఒడ్డున పోస్తున్నాయి. అంతమాత్రాన అక్కడి జనానికి ముప్పు తప్పలేదు. పెద్ద పోట్లకు ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి. కానీ సముద్రం ఎంత పెరిగిందన్న దానితో పాటు, నేలకు కొత్త మన్ను ఎంత అందుతోందన్నదీ దీవి తలరాతను నిర్ణయిస్తుందని తేలింది.

గోదారి పోసిన నేల

ఈ లెక్క కోనసీమకు మరీ వర్తిస్తుంది. గౌతమి, వశిష్ట, వాటి నడుమ చీలిన వైనతేయ వేల ఏళ్లపాటు ఒండ్రు పోసి కట్టిన నేల ఇది. కొత్తపేట లంకలైనా, అమలాపురం కొబ్బరితోటలైనా, రాజోలు చేలైనా వరద తెచ్చిన మట్టి మీద నిలిచినవే.

ఇప్పుడు ఆ మట్టి ఎగువనే ఆగిపోతోంది. జయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు నీటితో పాటు ఒండ్రునూ పట్టేస్తున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి.హేమమాలిని, కె.నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990ల నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976–2001 మధ్య డెల్టా తీరం సుమారు 1,800 హెక్టార్ల నేలను కోల్పోయింది.

పారని కాలువలు

కోనసీమ డ్రెయిన్లకు మోటార్లు లేవు. ఆటు వేళ సముద్రం దిగితేనే అవి పల్లానికి పారతాయి. సముద్రం ఎత్తు పెరిగేకొద్దీ ఆ పారే గంటలు తగ్గుతాయి. కాలువలు సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో పూడితే ఆ కాసేపూ ఉండదు. సార్వా చేలు నీట మునిగి కుళ్లడానికి ఇదే మూలం. 2011లో కోనసీమ రైతులు పంట వేయబోమంటూ క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు కష్టాన్నీ ఏకరువు పెట్టారు. 2022లోనూ అదే మాట చెప్పారు.

తుపానుల సంగతి వేరే చెప్పాలా? 1996 నవంబరు 6 రాత్రి తుపానుతో పాటు విరుచుకుపడ్డ ఉప్పెనను కోనసీమ ఇప్పటికీ మరిచిపోలేదు. అదే ఉప్పెన మరింత ఎత్తైన సముద్రం మీంచి వస్తే ఇంకా లోపలి ఊళ్ల దాకా చొచ్చుకొస్తుంది.

మన చేతిలో ఉన్నవి

ధ్రువాల మంచు కరగకుండా కోనసీమ ఒక్కటే ఆపలేదు. మన చేతిలో ఉన్న పనులు మాత్రం చాలా ఉన్నాయి. డ్రెయిన్ల పూడిక ఏటా సార్వాకు ముందే తీయాలి. మొగలు తెరిచి ఉంచాలి. పోటునీరు ఎదురెక్కకుండా తలుపులు పెట్టి, వాటిని నడిపే మనిషిని పెట్టాలి. అనుమతి లేని ఆక్వా చెరువుల ఉప్పునీటిని మురుగుకాలువల్లోకి వదలనివ్వకూడదు. కందికుప్ప మడ అడవులను కాపాడాలి. వేళ్లతో ఒండ్రును పట్టి నిలిపేవి అవే.

నేల కుంగుదల మీదా కన్నేయాలి. ఇటలీలోని పో డెల్టాలో గ్యాస్ కోసం, అది కలిసి ఉన్న భూగర్భ జలాన్ని తోడేస్తే నేల మీటర్ల మేర కుంగింది. 1961లో ఆ తోడటం ఆపేశారు. కోనసీమలోనూ దశాబ్దాలుగా గ్యాస్ తీస్తున్నారు. ఇక్కడ నేల ఏటా ఎన్ని మిల్లీమీటర్లు దిగుతోందో కొలిచి, ఆ అంకెను ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి.

పోలవరంతో సహా ఏ ఆనకట్ట గురించి మాట్లాడినా ఎన్ని టీఎంసీలు, ఎన్ని మెగావాట్లు అని అడుగుతున్నాం. ఎన్ని టన్నుల ఒండ్రు కిందికి వదులుతారని కూడా అడగాలి. కోనసీమకు నీటి హక్కు ఎంత ఉందో, మట్టి హక్కూ అంతే ఉంది.