ఎంత పెరిగింది? ఎంత పడింది?

షేర్లలో డబ్బు పెట్టినవాళ్లను కదిపితే మొదట చెప్పేది ఎన్ని శాతం లాభం వచ్చిందన్నదే. ఆ లాభం కోసం మధ్యలో ఎంత పతనాన్ని ఓర్చుకున్నారో చెప్పేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఆ రెండోది తెలియకుండా మొదటిదానికి అర్థమే లేదు.

2008 జనవరి 8న సెన్సెక్స్ 20,873 దగ్గర ముగిసింది. 2009 మార్చి 9 నాటికి 8,160కి దిగింది. లక్ష రూపాయలు 39 వేలయ్యాయన్నమాట. పడింది 61 శాతమే అయినా, ఆ 39 వేలు తిరిగి లక్ష కావాలంటే 156 శాతం పెరగాలి. 2010 దీపావళి దాకా ఆగగలిగినవాళ్లు బయటపడ్డారు. ఈలోపే పిల్ల పెళ్లో, ఆసుపత్రి ఖర్చో మీద పడినవాళ్లు నష్టానికి అమ్ముకోక తప్పలేదు. సూచీ ఒక్కటే, రిస్కు మాత్రం ఇంటింటికీ వేరు.

సగటు కూడా మోసం చేస్తుంది. ఒక ఏడాది 50 శాతం పెరిగి, మరుసటి ఏడాది 50 శాతం పడిన షేరుకు సగటు రాబడి సున్నా. చేతిలో మిగిలేది లక్షకు 75 వేలు! అందుకే చక్రవడ్డీ పద్ధతిలో లెక్కగట్టే సీఏజీఆర్‌నే చూడాలి.

ఒడిదుడుకులను అంకెల్లో పెట్టి, రాబడితో కలిపి చూడాలని 1952లో హ్యారీ మార్కోవిట్జ్ చూపించారు. రాబడి సగటుకు ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పేదే స్టాండర్డ్ డీవియేషన్. విలియం షార్ప్ 1966లో ఇచ్చిన కొలత మరింత అక్కరకొస్తుంది. ఒక ఫండు 15 శాతం ఇచ్చింది, ఊగిసలాట 20. ఇంకోటి 12 శాతమే ఇచ్చింది, ఊగిసలాట 10. రిస్కు లేకుండా ప్రభుత్వ బాండ్లలోనే 7 శాతం వస్తుందనుకుంటే, రాబడిలోంచి అది తీసేసి ఊగిసలాటతో భాగిస్తే మొదటిదానికి 0.4, రెండోదానికి 0.5. తక్కువ ఇచ్చినట్టు కనిపించే ఫండే, మోసిన రిస్కుకు తగ్గట్టు ఎక్కువ ఇచ్చింది.

అయితే ఈ సూత్రాలకు అందనిదీ ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన వేల కోట్లు లేనే లేవని ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపెట్టగానే, ఆ షేరు ఒక్క రోజులో మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకుంది. మార్కెట్‌తో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో చెప్పే బీటాను ఎంత చూసినా అది ముందు తెలిసేది కాదు. అప్పటికి సెన్సెక్స్‌లో ఉన్న కంపెనీయే అది. నమ్మకంతో ఉన్నదంతా అందులోనే పెట్టుకున్నవాళ్లకూ, పాతిక ముప్పై కంపెనీల్లో అదొకటిగా ఉంచుకున్నవాళ్లకూ నష్టం ఒకేలా తగల్లేదు.

ఈ కొలతలన్నీ ఫండ్ల నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో దొరుకుతాయి. కాకపోతే చాలావరకు అవి గత మూడేళ్ల లెక్కలు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. ఇప్పటి మూడేళ్ల లెక్కలో ఆ రోజు ఉండదు. కనుక ఫండు పాతదైతే, ఆ నెలలో అది ఎంత పడిందో, ఎన్నాళ్లకు కోలుకుందో విడిగా వెతికి చూడండి.